కొలొనోస్కోపీ తేదీ దాకా ఈ రోజులు ఎలా గడపాలి? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు

గోదావరి_గట్టు | శనివారం రాత్రి 1:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నా వయసు 44, ఉండేది రాజమండ్రి. ఇద్దరు పిల్లలు, పెద్దది ఇంటర్ రెండో ఏడాది.

కొన్నాళ్లుగా విరేచనం తీరు మారింది. ఒక వారం అసలు సాఫీగా అవదు, మరో వారం రోజుకి నాలుగైదు సార్లు పరుగెత్తాలి. మధ్యమధ్యలో రక్తం కనిపిస్తోంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. గ్యాస్ట్రో డాక్టరు గారు అన్నీ విని, "కొలొనోస్కోపీ చేద్దాం, లోపల చూడకుండా నేనేమీ చెప్పలేను" అన్నారు. మలద్వారం నుంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి పెద్ద పేగు లోపల చూసే పరీక్ష అది. వచ్చే గురువారం కాక ఆ పై గురువారం తేదీ ఇచ్చారు. ఆయన అన్నది అంతే. మిగతాదంతా నా బుర్ర అల్లుకుంటోంది.

పగలు ఆఫీసు పనిలో పడి కాస్త నయం. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుంటే ఒకటి చదవబోతే పది కనిపిస్తాయి. బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఫోన్ టార్చ్ వేసి చూస్తున్నాను. నిన్న ఎర్రగా కనిపించేసరికి కాళ్లలో సత్తువ పోయి గోడ పట్టుకుని నిలబడ్డాను. అంతకు ముందు రాత్రి మా అత్తగారు బీట్‌రూట్ వేపుడు చేశారని చాలాసేపటికి గానీ గుర్తు రాలేదు.

మా ఆయన మంచివారు. నేను నోరు తెరవగానే "ఏం కాదులే, పడుకో" అంటారు. ఇక ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియదు. అమ్మకి చెప్పలేదు. మా పెద్దమ్మ ఆ జబ్బుతోనే పోయింది, అమ్మ తట్టుకోలేదని భయం.

ఇది క్యాన్సరా కాదా అని మిమ్మల్ని అడగడం లేదు. ఇలా ఎదురుచూసినవాళ్లు ఆ రోజులు ఎలా గడిపారో చెప్పండి, చాలు.

లీడ్స్_తెలుగు | ఆదివారం ఉదయం 6:05

అక్కా, నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. పోయిన ఏడాది ఇదే దారిలో నడిచాను. ఇక్కడ ముందు ఫిట్ అనే మలపరీక్ష చేస్తారు. చిన్న సీసా, దాని మూతకే ఒక పుల్ల, ఇంట్లోనే నమూనా తీసి ఇవ్వాలి. గ్రాము మలంలో 10 మైక్రోగ్రాముల రక్తం గానీ అంతకు మించి గానీ ఉంటే 'క్యాన్సర్ అనుమానం, అర్జెంట్' అని పెద్దాసుపత్రికి రాస్తారు. నాకు వచ్చిన ఉత్తరంలో ఆ మాట చూడగానే చదవడం అక్కడే ఆగిపోయింది. కింద ఇంకా ఏం రాశారో మర్నాడు మావారు చదివి చెప్పారు. అలా పంపినవాళ్లలో చాలా ఎక్కువ మందికి, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా, క్యాన్సర్ ఉండదు. 28 రోజుల్లోపు ఉందో లేదో చెప్పేయాలన్నది ఇక్కడి ఆసుపత్రుల లక్ష్యం. ఆ రోజులు మాత్రం కొండలా కనిపిస్తాయి.

నాకు తేలింది అల్సరేటివ్ కొలైటిస్. పేగు లోపలి పొర వాచి పుండ్లు పడటం. రోజూ మాత్రలు వేసుకుంటున్నాను, బాగున్నాను.

రాత్రిపూట వెతకడం గురించి ఒక్క మాట. రిపోర్టు బాగా వచ్చినవాళ్లు మళ్లీ తిరిగొచ్చి తమ కథ రాయరు, వాళ్ల పనుల్లో పడిపోతారు. కాబట్టి మీకు కనిపించేవన్నీ బాగా లేనివాళ్ల కథలే. అది తెలిశాక నేను రాత్రి భోజనం కాగానే ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కి పెట్టి, అలారానికి మామూలు గడియారం కొనుక్కున్నాను. మొదటి రెండు రాత్రులు చేతులు ఫోన్ కోసం వెతికాయి. తర్వాత అలవాటైంది.

తెనాలి_పిన్ని | ఆదివారం ఉదయం 9:40

అమ్మాయ్, 44 ఏళ్లకి అవన్నీ రావు. టెన్షన్ పడకు. వెంకన్నకి ముడుపు కట్టు, అంతా ఆయనే చూసుకుంటాడు.

ఎండో_సిస్టర్ | ఆదివారం మధ్యాహ్నం 2:15

పిన్నిగారూ, ముడుపు కట్టమనండి, మనసుకి బలం. కానీ ఆ వయసులో రాదనే మాట మాత్రం వద్దండి. యాభై లోపు వాళ్లలో కూడా ఈ జబ్బు కనిపిస్తోంది. అమెరికాలో మామూలు ఆరోగ్యవంతులకు చేసే పరీక్షలు ముందు 50 ఏళ్లకి మొదలుపెట్టేవాళ్లు, 2021లో 45కి దించింది అందుకే. రాదులే అని పరీక్ష మానేసినవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నా.

గోదావరి గారూ, నేను ఎండోస్కోపీ విభాగంలో నర్సుని, ఒంగోలు వైపు. మీరు చెప్పిన లక్షణాలకి కారణాలు బోలెడు. మొలలు, ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక), అమీబా ఇన్‌ఫెక్షన్, కొలైటిస్, మన దేశంలో పేగు టీబీ కూడా. ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ తగ్గడానికి నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం మరో కారణం. వీటిలో ఏది అన్నది ఊహించుకుంటూ కూర్చోవద్దు, చూస్తే తెలిసిపోతుంది. ఒకవేళ పాలిప్ (పేగు లోపలి పొర మీద పెరిగే చిన్న కండ) ఉన్నా, అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. కొద్ది రోజుల ఆలస్యంతో కొంప మునిగిపోదు.

అయితే కొన్ని జరిగితే తేదీ కోసం ఆగవద్దు. గడ్డలుగా రక్తం పడటం, కళ్లు తిరిగి పడిపోవడం, కడుపు ఉబ్బి వాంతులవుతూ గాలి కూడా పోకపోవడం. వీటిలో ఏదున్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీ పెద్దమ్మగారికి వచ్చింది ఏ అవయవానికి, ఏ వయసులో? అది మీ డాక్టరు గారికి తెలియాలి. మన ఇళ్లలో 'ఆ జబ్బు', 'పెద్ద జబ్బు' అని ఊరుకుంటారు. దాంతో తర్వాతి తరానికి కావలసిన సమాచారం పోతుంది.

నల్లమల_చెట్టు | ఆదివారం సాయంత్రం 5:30

మా వైపు ఒక మాట ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపితే లోపల ఉన్నది కదిలి ఒళ్లంతా పాకుతుందని. మా ఊరి పక్కన పసరు మందు ఇచ్చే ఆయన ఉన్నారు, మూడు వారాలు వాడితే చాలంటారు. నంబరు కావాలంటే ఇస్తాను.

ఎండో_సిస్టర్ | ఆదివారం సాయంత్రం 6:10

అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారని తెలుసు. కానీ ముక్క తీస్తే పాకుతుందన్నది నిజం కాదు. కొలొనోస్కోపీలో తీసేది బియ్యపు గింజకన్నా చిన్న ముక్క, పేగు లోపలి పొర నుంచి. మా ఊళ్లలో ఈ మాట నమ్మి ఆర్నెల్లు పసరు తాగి, పేగు పూర్తిగా మూసుకుపోయాక వచ్చినవాళ్లు ఉన్నారు. ఆర్నెల్ల ముందు వచ్చి ఉంటే ఆపరేషన్‌తో పోయేది. జబ్బు ఒక్కచోటే ఉండగా దొరికితే పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. వేరే చోట్లకి పాకాక దొరికితే ఆ లెక్క బాగా పడిపోతుంది. పోగొట్టుకునేది ఆ సమయమే.

నిర్వాహకులు | ఆదివారం సాయంత్రం 6:25

మందుల నంబర్లు, అమ్మేవాళ్ల వివరాలు ఇక్కడ పెట్టవద్దు. చర్చ కొనసాగించండి.

మనసు_మాట | ఆదివారం రాత్రి 8:50

గోదావరి గారూ, నేను కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను. టార్చ్ వేసి చూడటం గురించి రాశారు కదా, దాని గురించి కాస్త చెబుతాను.

చూసిన ప్రతిసారీ ఏమీ కనపడకపోతే ఓ పావుగంట ఊరట. ఆ పావుగంట కోసం మనసు మళ్లీ చూడమంటుంది. క్రమంగా చూడకుండా ఉండలేని స్థితి వస్తుంది. కొందరు రోజూ పొద్దున్నే బరువు చూసుకుంటారు, కొందరు పొట్ట నొక్కి నొక్కి చూసుకుంటారు. అన్నీ ఒకటే బాపతు. పూర్తిగా మానేయమని నేను చెప్పను, డాక్టరుకి చెప్పడానికి వివరం కావాలి కదా. మామూలు లైటు వెలుతురులో ఒక్కసారి చూడండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఎన్నిసార్లు, రక్తం ఉందా లేదా, ఈ మూడే రాయండి. పుస్తకం మూసేయండి. పరీక్ష రోజున ఆ పుస్తకం డాక్టరు చేతికి ఇవ్వండి. అప్పుడు ఆ చూడటానికి ఒక ప్రయోజనం ఉంటుంది.

పేగులకీ మెదడుకీ నరాల సంబంధం చాలా గట్టిది. పరీక్షలంటే పిల్లలకు విరేచనాలు పట్టుకోవడం మనందరం చూసిందే. మీ టెన్షన్ వల్ల కూడా కొంత ఇబ్బంది పెరుగుతుంది, ఆ ఇబ్బంది చూసి టెన్షన్ ఇంకా పెరుగుతుంది. అలాగని అంతా టెన్షనే అనుకుని పరీక్ష వాయిదా వేయకూడదు.

ఇంకొకటి చేసి చూడండి. సాయంత్రం ఒక అరగంట భయపడటానికే పెట్టుకోండి. అప్పుడు ఎంత భయం వేస్తే అంత పడండి, కాగితం మీద రాయండి, ఏడుపొస్తే ఏడవండి. మిగతా సమయంలో ఆ ఆలోచన వస్తే 'నీ టైము ఆరింటికి' అని పక్కన పెట్టండి. మొదట్లో వినదు. మూడు నాలుగు రోజులకి కొద్దిగా వింటుంది. గుండె దడదడలాడుతుంటే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదలడం ఎక్కువసేపు ఉండాలి, కిటుకు అక్కడే ఉంది.

వరసగా కొన్ని రాత్రులు అసలు నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలని లేదనే ఆలోచన వచ్చినా 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు.

ఓరుగల్లు_చిన్నోడు | ఆదివారం రాత్రి 11:15

అక్కా, నేనూ ఇదే గోసలో ఉన్న. మా బాపుకు 63. మొన్ననే కొలొనోస్కోపీ అయింది. ఎడమ వైపు పేగులో గడ్డ ఉందని, ముక్క తీసి పంపినమని చెప్పిన్రు. రిపోర్టు ఇంకా రాలే. బాపుకు గడ్డ సంగతి చెప్పలే, పుండు అని చెప్పినం. ఆయన నా ముఖం చూసి ఏమీ అడుగుతలేడు. అన్నం పెడితే తింటడు, పొలం ముచ్చట చెప్తడు, ఊకుంటడు. పక్క గదిల నుంచి దగ్గు వినపడితే నాకు నిద్ర లేస్తది. మీ అందరి మాటలు చదువుతున్న.

కరీంనగర్_మాస్టారు | సోమవారం ఉదయం 7:00

చిన్నోడా, బాపు అడగడం లేదంటే తెలియక కాదు. మా ఇంట్లో మా ఆవిడకి పరీక్షలు జరుగుతున్నప్పుడు ఆమె నాతో ఒక మాట అంది. "ఏం కాదు అనకండి. మీరు అలా అంటే నేను ఇంకేమీ చెప్పలేను. నా పక్కన కూర్చోండి, నేను చెప్పేది వినండి." అప్పటినుంచి రోజూ సాయంత్రం వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. ఒక్కోరోజు జబ్బు మాటే ఉండేది కాదు. కందిపప్పు ధర, కోడలి ఉద్యోగం, అంతే. ఒక్కోరోజు ఆమె ఏడ్చేది. నేను చేయి పట్టుకునేవాణ్ని. ఆమెకి తేలినవి మొలలూ, రక్తహీనతా.

గోదావరి అమ్మా, మీ ఆయనకి ఈ పోస్టు చూపించు. ఏం కాదులే అనేది ప్రేమతోనే, భయం ఆయనకీ ఉంటుంది. ఎలా మాట్లాడాలో తెలియక అంటున్నాడు. 'పరీక్ష రోజు సెలవు పెట్టాను, నేనే తీసుకెళ్తాను' అంటే చాలు. చిన్నోడా, బాపుని 'నీకేమన్నా అడగాలని ఉందా' అని ఒకసారి అడుగు. చెప్పాలో వద్దో ఆయనే దారి చూపిస్తాడు.

ఫ్రిస్కో_నాన్న | సోమవారం ఉదయం 8:20

రిపోర్టు ఎలా అందుకోవాలో ముందే అనుకోండి. అమెరికాలో 2021 నుంచి రిపోర్టులు డాక్టరు చూడకముందే మన ఫోన్‌లోకి వచ్చేస్తున్నాయి. నాకు బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు శుక్రవారం రాత్రి వచ్చింది. డాక్టరు ఫోన్ సోమవారం. ఇప్పుడు మన దగ్గరా ల్యాబ్‌లు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపేస్తున్నాయి కదా. నేనూ మా ఆవిడా ముందే ఒక మాట అనుకున్నాం కాబట్టి తెరవలేదు. నోటిఫికేషన్ ఆపేసి శనివారం పిల్లల్ని సాకర్‌కి తీసుకెళ్లాను. తెరిచి ఉంటే 'అడినోమా' అన్న ఒక్క మాటతో మూడు రాత్రులు పోయేవి. అది ఒక రకం పాలిప్, క్యాన్సర్ కాదని డాక్టరు ఒక్క నిమిషంలో చెప్పారు.

తెరవకుండా ఉండలేనివాళ్లూ ఉంటారు, తప్పేం లేదు. అలాంటివాళ్లు ఒంటరిగా తెరవకండి. పగలు, పక్కన మనిషి ఉండగా, డాక్టరుకి ఫోన్ చేయగలిగే వేళ తెరవండి.

గోదావరి_గట్టు | మంగళవారం రాత్రి 9:10

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మాస్టారు గారూ, మీ పోస్టు మా ఆయనకి చూపించాను. చాలాసేపు చదివారు. ఏమీ అనలేదు. మర్నాడు ఆఫీసు నుంచి రాగానే సెలవు చీటీ ఫోన్‌లో చూపించారు.

సిస్టర్ గారు అడిగారని ఆదివారమే అమ్మ దగ్గరికి వెళ్లాను. నా సంగతి చెప్పకుండా పెద్దమ్మ గురించి అడుగుదామనుకున్నా, అమ్మ ఊరుకోలేదు, "నీకేమైంది ముందు చెప్పు" అంది. చెప్పేశాను. నేను భయపడినట్టు కూలబడిపోలేదు. బీరువా పైనున్న సూట్‌కేసు దింపి, బట్టల అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫైలు తీసింది. పెద్దమ్మది. ఇన్నేళ్లూ దాచిందని నాకు తెలియదు. పేగుది కాదు, గర్భసంచిది అంటోంది అమ్మ. అప్పటికి పెద్దమ్మకి 48. ఫైలు ఇంగ్లీషులో ఉంది, అక్షరాలు వెలిసిపోయాయి.

ఇప్పుడు అమ్మ రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "ఏం తిన్నావు" అని అడుగుతోంది. ఇంతకుముందూ చేసేది, కానీ ఇప్పుడు దాచాల్సిందేమీ లేదు, హాయిగా ఉంది.

ఎండో_సిస్టర్ | మంగళవారం రాత్రి 10:30

చాలా మంచి పని చేశారు. ఆ ఫైలు తప్పకుండా డాక్టరుకి చూపించండి. మనవాళ్లు గర్భసంచి క్యాన్సర్ అనేది రెండు రకాలకీ వాడతారు. గర్భాశయ ముఖద్వారానికి వచ్చేది చాలావరకు వైరస్ వల్ల, దానికీ పేగుకీ సంబంధం లేదు. గర్భాశయం లోపలి పొరకి వచ్చేదైతే, కొన్ని కుటుంబాల్లో అదీ పేగు క్యాన్సరూ కలిసి వంశంలో వస్తాయి. దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. ఉందని కాదు, ఆ కాగితంలో ఏముందో డాక్టరు చదవాలి, అంతే.

ఇక తయారీ గురించి, చాలామందికి పరీక్ష కంటే దీని భయమే ఎక్కువ. మీ ఆసుపత్రి ఇచ్చిన కాగితమే ప్రమాణం, నేను చెప్పేది దానికి తోడు. రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, బెండకాయ, టమాటా, జామ, దానిమ్మ, గింజలున్నవేవీ వద్దు. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, వడకట్టిన చారు తినొచ్చు. ముందు రోజు వడకట్టిన ద్రవాలే. కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, నిమ్మరసం. ఎర్ర రంగు పానీయాలు తాగకండి, లోపల రక్తంలా కనిపిస్తాయి. పేగు శుభ్రం కావడానికి ఇచ్చే విరేచనాల పొడి సాధారణంగా రెండు లీటర్ల నీళ్లలో కలుపుతారు. ఫ్రిజ్‌లో చల్లబరిస్తే ఆ ఉప్పటి జిగట రుచి తగ్గుతుంది. పది, పదిహేను నిమిషాలకో గ్లాసు. మొదలుపెట్టే ముందే మలద్వారం చుట్టూ కొబ్బరినూనె గానీ వ్యాజలీన్ గానీ రాసుకోండి, లేకపోతే మంట. ఆఖరికి లేత పసుపు రంగు నీళ్లలా పడాలి. అప్పుడే పేగు శుభ్రమైనట్టు.

ఐరన్ మాత్రలు వాడుతుంటే వారం ముందే ఆపమంటారు, డాక్టరుని అడగండి. రక్తం పలచబరిచే మాత్రలు, షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపడం, కొనసాగించడం రెండూ చేయొద్దు. ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

అడగడానికి మొహమాటపడే సంగతి కూడా చెప్పేస్తాను. ఎడమవైపు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోబెడతాం. దుప్పటి కప్పే ఉంటుంది, కావలసినంత మేర తప్ప తీయం. లేడీ స్టాఫ్ పక్కన ఉండాలని అడిగే హక్కు మీకుంది, ముందే చెప్పండి. మత్తు ఇస్తే మీకు చాలావరకు గుర్తుండదు. అదే చిక్కు. తర్వాత డాక్టరు చెప్పేది విన్నట్టే ఉంటారు, ఇంటికెళ్లాక ఒక్క ముక్క గుర్తుండదు. మీ ఆయన్ని గదిలోకి పిలిచి చెప్పమనండి, ఆయన్ని రాసుకోమనండి.

బయాప్సీ తీశాం అంటే క్యాన్సర్ ఉందని కాదు. కొలైటిస్‌కీ, టీబీకీ, పాలిప్‌కీ అన్నిటికీ తీస్తాం.

ఓరుగల్లు_చిన్నోడు | శుక్రవారం మధ్యాహ్నం 3:40

బాపు రిపోర్టు వచ్చింది. క్యాన్సరే.

కరీంనగర్_మాస్టారు | శుక్రవారం మధ్యాహ్నం 3:55

బిడ్డా, ఎక్కడున్నవ్? పక్కన ఎవరన్నా ఉన్నరా?

లీడ్స్_తెలుగు | శుక్రవారం సాయంత్రం 4:20

తమ్ముడూ, చదివాను. ఇప్పుడేం రాయక్కర్లేదు. మేమంతా ఇక్కడే ఉన్నాం.

ఓరుగల్లు_చిన్నోడు | ఆదివారం ఉదయం 10:30

హైదరాబాద్‌ల ఉన్న మాస్టారూ. అక్క, బావ నాతోనే ఉన్నరు.

మీరు చెప్పినట్టే బాపుని అడిగిన. "నీకేమన్న అడగాలని ఉందా" అంటే, "గడ్డ అంట గద, కోసి తీస్తరా" అన్నడు. స్కానింగ్ గదిల మాట్లాడుకుంటుంటే ఆయనకు వినపడ్డదట. అప్పటినుంచి తెలుసు. నేను భయపడతనని ఆయన ఊకున్నడు.

సీటీ స్కాన్ అయింది. కాలేయంల, ఊపిరితిత్తులల ఏమీ కనపడలేదని చెప్పిన్రు. ముందు ఆపరేషన్, తీసిన పేగు పరీక్షకు పోయినంక కీమో కావాల్నా వద్దా అన్నది చెప్తరట. పైసల భయం ఉండె. తెలంగాణల ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్ నుంచి పది లక్షల దాకా ఉంది గద, ఆసుపత్రిల ఆరోగ్యమిత్ర అని కౌంటర్ల కూసుంటరు, ఆమె కాగితాలన్నీ చూసి ఏది వస్తది, ఏది రాదు అని ఒక్కొక్కటి చెప్పింది. ముందు చేసిన పరీక్షల పైసలు మేమే కట్టుకున్నం. ఎవరన్నా మా లెక్క ఉంటే మొదటి రోజే ఆ కౌంటర్‌కు పోండి.

భయం తగ్గిందా అంటే లేదు. కానీ ఎదురుచూసినప్పుడు ఉన్న భయం వేరు, అప్పుడు చేయడానికి పని లేదు. ఇప్పుడు రక్తం ఇచ్చేటోళ్లను చూడాలి, బాపుకు మెత్తగ వండాలి, పొలం కౌలుకు చెప్పాలి. రాత్రి పడుకుంటే నిద్ర వస్తంది.

మనసు_మాట | ఆదివారం మధ్యాహ్నం 12:05

బాపు అన్న మాట చదివి కళ్లు చెమర్చాయి తమ్ముడూ. ఆయనకి తెలిసిపోయింది కాబట్టి ఇక ఆపరేషన్ ముందు డాక్టరు మాట్లాడేటప్పుడు ఆయన్ని కూడా కూర్చోబెట్టండి. నిర్ణయం ఆయనది కదా. నీ భోజనం, నీ నిద్ర కూడా చూసుకో. 14416 పేషెంట్లకే కాదు, చూసుకునేవాళ్లకి కూడా.

గోదావరి_గట్టు | శుక్రవారం సాయంత్రం 5:45

చిన్నోడూ, నీ పోస్టు చదివి రెండు రోజులు ఏం రాయాలో తోచలేదు. బాపు బాగుండాలని మా అమ్మ దేవుడికి దీపం పెట్టింది.

నిన్న నా పరీక్ష అయిపోయింది. పొడి తాగడం కష్టమే, సిస్టర్ గారన్నట్టు చల్లబరిస్తే తాగగలిగాను, కొబ్బరినూనె మాట బంగారం. మత్తులోకి వెళ్లేముందు దడ పుట్టింది. ఆరు అంకెలు లెక్కపెడుతూ గాలి వదిలాను, నాలుగోసారికో ఐదోసారికో కళ్లు మూతలు పడ్డాయి. పెద్ద పేగు చివరి భాగంలో 12 మిల్లీమీటర్ల పాలిప్ ఉంటే అక్కడికక్కడే తీసేసి పరీక్షకి పంపారు. లోపల మొలలు కూడా ఉన్నాయి, రక్తం వాటినుంచే కావచ్చన్నారు. ఇదంతా మా ఆయన రాసుకున్న కాగితం చూసి చెబుతున్నాను. నాకు గుర్తున్నది టీ ఇచ్చారని మాత్రమే.

పెద్దమ్మ ఫైలు డాక్టరు గారు చదివారు. ముఖద్వారానిదే, నా పేగుకి దానితో సంబంధం లేదన్నారు. అమ్మకి అక్కడినుంచే ఫోన్ చేసి చెప్పాను.

పాలిప్ రిపోర్టుకి వారం అన్నారు. మళ్లీ ఎదురుచూపు. ఈసారి పీడీఎఫ్ మా ఆయన ఫోన్‌కే పంపమన్నాం.

ఫ్రిస్కో_నాన్న | శుక్రవారం రాత్రి 9:00

మంచి ఏర్పాటు. నిన్న తీసేసిన పాలిప్ ఇక ముందు పెరగడం, మారడం ఉండదు, అది మాత్రం ఖాయం.

గోదావరి_గట్టు | గురువారం రాత్రి 8:30

రిపోర్టు వచ్చింది. ట్యూబ్యులర్ అడినోమా, లో గ్రేడ్ డిస్‌ప్లేజియా. అంటే పాలిప్ కణాల్లో తక్కువ స్థాయి మార్పు. క్యాన్సర్ కాదు, వదిలేసి ఉంటే ఏళ్ల తరబడి పెరిగి అలా మారే అవకాశం ఉండేది, పూర్తిగా తీసేశాం అని డాక్టరు గారు చెప్పారు. సెంటీమీటరు దాటింది కాబట్టి మూడేళ్లకి మళ్లీ కొలొనోస్కోపీ చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ సంగతికి గైనకాలజిస్టు దగ్గరికి పంపారు, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని అప్పుడు చెప్పాను. ఐరన్ మొదలైంది.

టార్చ్ వేయడం ఇంకా పూర్తిగా మానలేదు. తగ్గింది. లీడ్స్ చెల్లీ, బాగైనవాళ్లు తిరిగొచ్చి రాయరన్నావు కదా, అందుకే ఇంత వివరంగా రాశాను. చిన్నోడూ, బాపు ఆపరేషన్ ఎప్పుడు?

ఓరుగల్లు_చిన్నోడు | గురువారం రాత్రి 9:15

సోమవారం పొద్దున అక్కా. మీ రిపోర్టు బాపుకు చదివి వినిపించిన. "మంచిగైంది, ఆ బిడ్డను ఐరన్ మాత్రలు టైముకు వేసుకోమను" అన్నడు.

భీమవరం_కొత్త | శనివారం రాత్రి 7:50

క్షమించాలి, మధ్యలో వస్తున్నాను. రేపే నాకు పరీక్ష. ఒక లీటరు తాగేసరికి వాంతి అయింది. మిగతాది తాగాలా? తాగకపోతే పరీక్ష ఆపేస్తారా? చాలా కంగారుగా ఉంది.

ఎండో_సిస్టర్ | శనివారం రాత్రి 7:58

కంగారు పడకండి, ఇది చాలామందికి అవుతుంది. అరగంట ఆపండి. అటూ ఇటూ నడవండి. తర్వాత ఇంకా చల్లగా చేసి, పెద్ద గుటకలు కాకుండా కొంచెం కొంచెంగా, స్ట్రా ఉంటే స్ట్రాతో తాగండి. మధ్యలో రెండు చుక్కలు నిమ్మరసం నాలుక మీద వేసుకోండి. మళ్లీ వాంతి అయితే మీ కాగితం మీదున్న నంబరుకి ఇప్పుడే ఫోన్ చేయండి, వాంతి ఆగడానికి మాత్ర చెబుతారు. షుగర్ ఉందా మీకు? మందులేమన్నా వాడుతున్నారా? ఇంట్లో పక్కన ఎవరున్నారు?

భీమవరం_కొత్త | శనివారం రాత్రి 8:04

షుగర్ లేదు, మందులేవీ లేవు. మా తమ్ముడు ఉన్నాడు, ఐసు తేవడానికి వెళ్లాడు.